హోల్డాన్

అందరికీ చెప్పిన మాట ఒకటే:
పిక్క పట్టేసింది.

సీతానగరం ఒడ్డు నుంచి దుర్గా ఘాట్ దాకా ఈత పోటీ,
నా టోపీ మీద నలభై ఒకటో నంబరు.
సగం ఏరు దాటేశాను.
కుడివైపు దూరంగా బ్యారేజీ స్తంభాలు
దువ్వెన పళ్లలా నిలబడి ఉన్నాయి.
ఊపిరి బాగుంది. భుజాలు బాగున్నాయి.
కాలు కూడా బాగుంది.
తలెత్తి చూస్తే నా ముందు ముగ్గురే.
ముగ్గురే అని తెలిసిన ఆ క్షణంలోనే
లోపల ఎవరో విజిల్ వేశారు.

హోల్డాన్.

చెయ్యెత్తాను.
నాగూర్ మీరా పడవేసుకొచ్చి
తడిసిన గోనెసంచిని లాగినట్టు లాగాడు నన్ను.
"బాగానే వస్తన్నావు కదమ్మా" అన్నాడు.
పిక్క పట్టుకుని ఏడ్చాను.
ఏడుపు నిజమే.

పధ్నాలుగేళ్లుగా సిటీ బస్సులో కండక్టర్ని.
కాళేశ్వరరావు మార్కెట్లో ఎక్కిన కాకరకాయల బుట్టని,
బెంజి సర్కిల్లో దిగాల్సిన కాలేజీ పిల్లల్ని,
నిద్రపోయే తాతల్ని కూడా తట్టి లేపి
ఎవరి స్టాపులో వాళ్లని దించుతాను.
నేను మాత్రం
ఎప్పుడూ ఒక స్టాపు ముందే దిగిపోతాను.

కంట్రోలర్ పరీక్ష మొదటిసారి నిజంగానే తప్పాను,
రెండంటే రెండు మార్కుల్లో.
డిపోలో ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది,
తిట్టుకుని ఊరుకునేదాన్ని.
"పోన్లే జ్ఞానసుందరీ" అన్నారు అందరూ.
ఆ పోన్లే
చెవిలో చేరిన నీళ్లలా అలాగే ఉండిపోయింది.
రెండోసారి హాల్ టికెట్ మర్చిపోయానన్నాను.
మర్చిపోలేదు.
టీవీ మీద ఉంది. చూశాను.
చూసే, తాళం వేశాను.
నన్ను ఓడించే పని ఇంకొకరికి ఎందుకని
నేనే చేసుకుంటున్నాను అప్పట్నుంచి,
శుభ్రంగా, చిల్లరతో సహా లెక్క తేల్చి.
పోటీకి ముందు రాత్రి
పదిన్నరకి నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నది ఎవరనుకున్నారు?

మొన్న వానలో, బస్సు కిక్కిరిసి ఉండగా
నాగూర్ మీరా ఎక్కాడు.
టికెట్టు తీసుకుంటూ, కిటికీ వైపు చూస్తూ అన్నాడు:
"పిక్క పట్టిన కాలు రోకలిలా ఉంటదమ్మా.
నీది ఇడ్లీలా ఉంది ఆ రోజు.
నేనెవరికీ చెప్పలా."
నా చేతిలో టికెట్ల మిషను
ఊరికే ఒక ఖాళీ కాగితం కక్కింది.
దిగేటప్పుడు ఫుట్‌బోర్డు మీంచి మళ్లీ అన్నాడు:
"ఆదివారం పొద్దున పడవ ఖాళీయే."
రైట్ చెప్పడం మర్చిపోయాను.
డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

శనివారం రాత్రి బజ్జీల బండి ముందు నుంచే నడిచాను.
ఒకటి తిన్నాను, అబద్ధమెందుకు.

టోపీ లేదు, నంబరు లేదు, చప్పట్లు లేవు.
నీళ్ల మీద పొగమంచు,
కొండ మీద ఇంకా ఆర్పని లైట్లు.
పడవ నా పక్కనే, బారెడు దూరంలో,
మీరా నోట్లో వెలిగించని బీడీ.
సగానికొచ్చాక
అదే చోట (నీటికి గుర్తులేముంటాయి గానీ నాకు తెలుసు)
విజిల్ వినపడింది.
పళ్ల మధ్య ఊది ఊది అలవాటైన విజిల్,
నాదే.
చెయ్యి లేచింది.
మీరా చూశాడు. తెడ్డు కదపలేదు.

లేచిన చెయ్యి ఎక్కడో ఒకచోట పడాలి కదా.
ముందుకి పడింది.
దాని వెనక రెండోది లేచింది, అదీ పడింది.
ఈతంటే ఇదే కదా అనుకున్నాను,
సాయం కావాలన్నట్టు చెయ్యెత్తడం,
ఎవరూ రాకముందే దించేయడం.
అంతకు మించి ఆలోచించే ఊపిరి లేదు.

ఘాట్ మెట్ల మీద నాచు. మోకాలు గీరుకుంది.
సీసాలో నీళ్లు పట్టుకుంటున్న ముసలామె
"ఎక్కణ్ణుంచే తల్లీ?" అంది.
"అవతల నుంచి" అన్నాను.
నమ్మినట్టు లేదు.
చెవి నిండా నీళ్లు.
తల ఓ పక్కకి వంచి
అబద్ధమాడిన ఆ కాలి మీదే గెంతుతూ
డ్యూటీకి టైమెంతయిందని అడిగాను.